తోలు తొడిగిన పిల్ల

1949 ఏప్రిల్, గురువారం, ఉదయం ఆరున్నర. ఇంగ్లండు ఉత్తరాన వెస్ట్‌మోర్లండ్ కొండల్లో, హై స్కేల్ అనే గొర్రెల పొలంలో, ఎడ్విన్ రెల్ఫ్ అనే రైతు గొర్రెలు ఈనే కొట్టంలో చనిపోయి కనిపించాడు. తల వెనక ఒక దెబ్బ. పక్కన గూటాలు దిగ్గొట్టే కొయ్య సుత్తి. ఆ రాత్రి కొట్టానికి కాపలా ఉన్నది జర్మన్ కూలీ రైన్‌హోల్డ్. మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టర్ జోసెఫ్ మౌన్సీ ఆ ఇంటి వంటగదిలో, రెల్ఫ్ భార్య హిల్డా ఎదుట, రెండోసారి కూర్చున్నాడు. కానిస్టేబుల్ ఆగ్డెన్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

“పొద్దున చెప్పిందే కదా మళ్ళీ చెప్పేది. తొందరగా పడుకున్నాను. తెల్లారాక లేచాను. కొట్టంలోకి వెళ్ళాను. పడున్నాడు.”

“మధ్యలో లేవలేదు.”

“లేవలేదు.”

“గొర్రెలు ఈనే రోజుల్లో కూడానా, అమ్మా?”

“కాపలాకి రైన్‌హోల్డ్ ఉన్నాడుగా. నేనెందుకు లేవడం? టీ తాగు. చల్లారిపోతోంది.”

“తాగుతాను.”

“నువ్వు ఐజాక్ మౌన్సీ కొడుకువే కదూ? ఆ ముక్కు చూసి పొద్దునే అనుకున్నాను. కొండ అవతలివాళ్ళు. మీ నాన్న దగ్గర ఒకసారి పొట్టేలు కొన్నాం. ఒట్టి మొండిది.”

“పొట్టేలా, మా నాన్నా?”

“ఇద్దరూనూ. ఆ అబ్బాయిని కూడా కూర్చోమను. వచ్చిన దగ్గర్నుంచీ నిలబడే ఉన్నాడు.”

“కూర్చో, ఆగ్డెన్.”

“పర్లేదు సార్. కుర్చీ కింద... కుక్క ఉంది.”

“కరవదులే బాబూ. ఏ ఊరు నీది?”

“మాంచెస్టర్ అండీ.”

“అదీ సంగతి. అందుకే నిన్నలా చూస్తోంది.”

“అమ్మా, రైన్‌హోల్డ్ ఎలాంటి మనిషి?”

“జర్మనీవాడు.”

“అది ఊరంతా చెప్పారు. ఇంకేం చెప్పలేదు కూడా. పబ్బులో అప్పుడే ఉరితాడు పేనుతున్నారు.”

“పేనుతారు. వాళ్ళకేం పని? యుద్ధంలో పట్టుబడ్డాడు. ఖైదీల శిబిరం నుంచి మా పొలానికి పంపారు. యుద్ధం అయిపోయాక వదిలేశారు. వెళ్ళలేదు. ఎక్కడికి వెళ్తాడు? లైప్‌జిగ్‌లో అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడట. పెళ్ళాం, ఇల్లు, ఆ అచ్చాఫీసు, అన్నీ బాంబుల్లో పోయాయి.”

“మీ ఆయనకీ వాడికీ పడేదా?”

“పని చేసేవాడు. పనికి పడేది.”

“మనిషికి?”

“నవ్వేవాడు ఎడ్విన్. కోడిని కొయ్యమంటే వాడు గడ్డివామి వెనక దాక్కునేవాడు. నెత్తురు చూస్తే మొహం పాలిపోతుంది వాడికి. ‘ఇలాంటివాళ్ళని యుద్ధానికి పంపితే ఓడిపోక ఏం చేస్తారు’ అనేవాడు. అని నవ్వేవాడు.”

“మరి కోడి?”

“నేనే కోసేదాన్ని.”

“ఆ తలుపు పక్క మేకు ఖాళీగా ఉందేం?”

“ఖాళీ మేకులుండవా ఇంట్లో?”

“గోడంతా పొగచూరింది. మేకు కింద మాత్రం సున్నం తెల్లగా ఉంది. ఏళ్ళ తరబడి ఏదో వేలాడింది అక్కడ.”

“కోటు. టామ్‌ది.”

“మీ అబ్బాయిది.”

“యుద్ధంలో, నార్మండీలో పోయాడు. నీకు తెలుసుగా. చర్చి గోడ మీద పేరుంది.”

“తెలుసమ్మా. ఆ కోటు ఇప్పుడెక్కడుంది?”

“ఉతకడానికి తీశాను.”

“ఎక్కడుంది?”

“చెప్పానుగా, ఉతకడానికని...”

“కొట్టం బయట బూడిదలో ఇవి దొరికాయి. కొమ్ము గుండీలు. చూడండి.”

“టీ చల్లారిపోయింది. మళ్ళీ పెడతాను.”

“వద్దు. కూర్చోండి.”

“ఎంతసేపు, ఇలా పెట్టేస్తాను.”

“కూర్చోండి అమ్మా. రైన్‌హోల్డ్ ఒప్పుకున్నాడు.”

“ఏం ఒప్పుకున్నాడు?”

“తనే కొట్టానన్నాడు.”

“ఎవరితో అన్నాడు?”

“నాతోనే. స్టేషన్‌లో. నిన్న సాయంత్రం మంచువాన పడుతుంటే మీరు ఆ కోటు మేకు మీంచి తీసిచ్చి వేసుకోమన్నారట. రాత్రి ఎడ్విన్ చూశాడట. ఒంటి మీంచి లాగేసి, కొట్టం వాకిట్లో కిరోసిన్ పోసి అంటించాడట. ఆ కోపంతో కొట్టానన్నాడు.”

“సంతకం పెట్టాడా?”

“ఇంకా లేదు.”

“పెట్టలేదు.”

“పెట్టలేదు. పెట్టమంటే ఇప్పుడే పెడతాడు. పెడితే ఏమవుతుందో మీకు తెలుసు. ఉరి. జర్మనీవాడు కాబట్టి జ్యూరీవాళ్ళు భోజనానికి కూడా ఆగరు.”

“తెలుసు.”

“సార్, వాడే ఒప్పుకున్నాక మనమింకా ఇక్కడ...”

“ఆగ్డెన్, పొద్దున కొట్టంలో చివరి దడి లోపల ఏం చూశావ్?”

“గొర్రె సార్. పిల్లకి పాలిస్తోంది.”

“పిల్ల ఎలా ఉంది?”

“ఎలా అంటే... మీరు నవ్వుతారు సార్.”

“నవ్వను. చెప్పు.”

“రెండు తోకలున్నాయి సార్. కొండల్లో గొర్రెలు ఇలానే ఉంటాయేమో అనుకుని ఊరుకున్నాను.”

“విను. పిల్ల చచ్చిన గొర్రె ఇంకో గొర్రె పిల్లని దగ్గరికి రానివ్వదు. వాసన చూస్తుంది. తనది కాదని తెలిస్తే కుమ్మి తరిమేస్తుంది. అందుకని చచ్చిన పిల్ల తోలు ఒలిచి, తల్లి లేని పిల్లకి చొక్కాలా తొడుగుతారు. కాళ్ళకి కన్నాలు పెడతారు. తల్లి వాసన చూసేది తోక దగ్గరే. అందుకని తోక కొయ్యరు. తనదే అనుకుంటే గొర్రె నిలబడి పాలిస్తుంది.”

“నిజంగానా సార్?”

“మా నాన్న చేసేవాడు. ఈ కొండల్లో గొర్రెలున్న ప్రతి ఇంట్లో చేస్తారు.”

“రైన్‌హోల్డే తొడిగుంటాడు.”

“ఎవరన్నారమ్మా?”

“నేనంటున్నాను. కాపలా వాడిది. రాత్రి పిల్ల చస్తే తొడిగేది వాడే.”

“వాడూ అదే అన్నాడు. తోలు నేనే తీశానన్నాడు. సరేనని చచ్చిన పిల్లని ఒకదాన్ని బల్ల మీద పెట్టి, చేతికి కత్తి ఇచ్చాను. తియ్యి చూద్దాం అన్నాను.”

“తీశాడా?”

“బొటనవేలు కోసుకున్నాడు. తర్వాత బకెట్ మీదకి వంగి పొద్దున తిన్నదంతా కక్కాడు.”

“అదేం పని జోసెఫ్! వాడి చేత అలాంటి పని... ఎందుకు చేయించావ్?”

“ఉరి తీస్తారు కాబట్టి.”

“కట్టు కట్టారా వేలికి?”

“కట్టాం.”

“అయితే ఎడ్విన్ తొడిగుంటాడు. పోయే ముందు.”

“ఎడ్విన్ చేతులకి తోలు తీసిన నెత్తురు లేదు. జేబులో కత్తి మడత విప్పలేదు. ఇంకోటి. ఒలిచిన పిల్ల కళేబరం ఎడ్విన్ కాలి మీద పడుంది. అంటే ఆయన పడ్డాకే ఒలిచారు.”

“చూసి ఉండరు ఎక్కడ పడిందో.”

“ఎవరు?”

“ఎవరో. ఒలిచినవాళ్ళు.”

“రైన్‌హోల్డ్ పై పొలంలో గొర్రెల్ని చూసి దిగి వచ్చాడు. పిల్ల ఒంటి మీద తోలు చూశాడు. ఈ పొలంలో ఆ పని తెలిసింది ఇద్దరికే. ఒకరు కింద పడున్నారు. అందుకే ఒప్పుకున్నాడు. వాడికి అర్థమైంది, నాకూ అర్థమైంది. ఆగ్డెన్‌కి కూడా ఇప్పుడు అర్థమైనట్టుంది.”

“పిల్ల తాగుతోందా?”

“ఏంటమ్మా?”

“ఆ పిల్ల. చేర్చుకుందా గొర్రె?”

“చేర్చుకుంది. తోక ఆడిస్తూ తాగుతోంది.”

“పైదా, లోపలిదా?”

“లోపలిది.”

“అయితే బతుకుతుంది. రేపో ఎల్లుండో ఆ తోలు విప్పెయ్యాలి. ఉంచితే పురుగు పడుతుంది. రైన్‌హోల్డ్‌కి చెప్పు. మెడ దగ్గర కత్తిరిస్తే ఊడి వస్తుంది. నెత్తురుండదు, భయపడక్కర్లేదని చెప్పు.”

“చెప్తాను. ఇక మీరు చెప్పండి.”

“ఏముంది చెప్పడానికి? చలిగా ఉందని టీ పెట్టుకుని వెళ్ళాను, వాడి కోసం. వాడు లేడు. వాకిట్లో మంట. కోటు చేతులు అప్పటికే కాలిపోయాయి. కాలరు మిగిలింది.”

“తీశారా?”

“తీద్దామనుకున్నాను. కాలరేం చేసుకుంటాను?”

“ఎడ్విన్ ఎక్కడున్నాడు?”

“లోపల. ఆ గొర్రె దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. పిల్ల అడ్డం తిరిగింది. చచ్చే పుట్టింది. కోటు ఎందుకు కాల్చావన్నాను.”

“ఏమన్నాడు?”

“తోలు కప్పితే కొడుకైపోతాడా అన్నాడు. అని మళ్ళీ గొర్రె వైపు తిరిగాడు.”

“అప్పుడు.”

“సుత్తి అక్కడే ఉంది.”

“ఒక్క దెబ్బ.”

“ఒక్కటే.”

“కోపంలో.”

“ఏమో. కోపమని ఏమీ అనిపించలేదు. టీ క్యాను ఇంకో చేతిలోనే ఉంది. ఒలకలేదు కూడా.”

“ఆగ్డెన్, ఆ పెన్సిలు కింద పెట్టు.”

“రాస్తున్నాను సార్, టీ క్యాను దాకా వచ్చాను.”

“కింద పెట్టు. అమ్మా, నేను చెప్పేది జాగ్రత్తగా వినండి. పోయిన కొడుకు కోటు. అది మంటల్లో కాలుతుంటే చూశారు. ఆ మాట అన్నాడు. ఒక్క దెబ్బ, కోపంలో. పడ్డాడు. పోయాడనుకున్నారు. ఇలా ఉంటే ఉరి దాకా వెళ్ళదు. కొన్నేళ్ళు జైలు, అంతే. అర్థమవుతోందా?”

“అవుతోంది.”

“రైన్‌హోల్డ్ సాయంత్రానికి ఇక్కడికి వచ్చేస్తాడు. గొర్రెల్ని చూసుకుంటాడు.”

“వాడికి గొర్రెల్ని ఈనించే పని రాదు. పక్క పొలం డిక్సన్‌ని రమ్మని చెప్పు.”

“చెప్తాను. ఒక్కటే అడ్డు వస్తోంది. దెబ్బ తగిలిన వెంటనే పోలేదంటున్నాడు డాక్టరు. చాలాసేపు ప్రాణం ఉందట. డాక్టరు ఇల్లు ఇక్కడే, కింద వంతెన దగ్గర. ఎవరైనా వచ్చి తలుపు కొట్టుంటే బతికేవాడేమో అంటున్నాడు. కోర్టులో కూడా అదే అంటాడు.”

“అంటే అననీ.”

“మీకు తెలీదు కదా. పడ్డాడు, పోయాడనుకున్నారు. అంతే కదా?”

“జోసెఫ్.”

“అవును అనండి అమ్మా. ఆ ఒక్క మాట చాలు. పెన్సిలు తీసుకో, ఆగ్డెన్. పోయాడనుకున్నారు, అవునా?”

“అప్పుడు కొట్టం మూల పెట్టెలో తల్లి లేని పిల్ల అరుస్తోంది. నిన్న మధ్యాహ్నం నుంచీ దాని కడుపులో ఏమీ పడలేదు. చచ్చిన పిల్ల చల్లబడిపోతోంది. పూర్తిగా చల్లబడితే తోలు సరిగ్గా రాదు. నీకు తెలుసుగా.”

“తెలుసు. నేనడిగింది ఎడ్విన్ గురించి.”

“ఎడ్విన్ గురించే చెప్తున్నాను. తోలు తీస్తున్నంతసేపూ ఊపిరి తీస్తూనే ఉన్నాడు. పిల్లకి తొడిగి, గొర్రె దగ్గర వదిలి, అది తాగడం మొదలెట్టాక ఇటు తిరిగాను. అప్పటికి ఆగిపోయింది.”