తిప్పేస్వామి చదివిన అంకెలు

సభాధ్యక్షులు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు గోవిందస్వామి గారికి, మా అడవి అంచు రైతు రక్షణ సంఘం కార్యదర్శి ధనుంజయ గారికి, పుంగనూరు నుంచి బస్సులో నిలబడి వచ్చిన మా బావమరుదులకి, ముందు వరుసలో కూర్చుని "తొందరగా ముగించు" అని సైగ చేస్తున్న నా భార్య అజీజాబీకి, అందరికీ నమస్కారం, సలాం. (నవ్వులు)

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ సంఘం జీపు నడిపాను. రామకుప్పం పక్క ఊళ్ళ మీదికి ఏనుగులు దిగినప్పుడల్లా, అడవిలో వాటి అడుగులు చూసుకుంటూ మా ట్రాకర్ తిప్పేస్వామి నడిచేవాడు, ఆయన చెప్పిన చోటికి నేను జీపు తోలేవాణ్ణి. ఇందాక వక్తలంతా "తాజుద్దీన్ ఒక్కసారి కూడా దారి తప్పలేదు" అన్నారు. తప్పాను. ఆ సంగతి చెప్పకుండా ఈ శాలువా కప్పుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పోయిన ఏడాది, అడవిలో నడిచేవాళ్ళకి చేతిలో పట్టుకునే కొత్త జీపీఎస్ కొనాలని కమిటీ వేశారు. మదనపల్లెలో ఒక షాపాయన రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి మా పాతదాని లాంటిదే, బటన్లు ఉంటాయి, పెన్సిల్ సెల్లులు మార్చుకోవచ్చు, మనమున్న చోటు చెప్పే అంకెలు ఎండలో కూడా కనబడతాయి. రెండోది అద్దంలా మెరిసే టచ్ స్క్రీను. కమిటీ పెద్దలు ఆ రెండోదాన్ని ఏసీ కారులో పెట్టుకుని మదనపల్లె నుంచి పుంగనూరు దాకా తారు రోడ్డు మీద పోయి, దోసెలు తిని, తిరిగి వచ్చి, "బ్రహ్మాండంగా దారి చెప్తోంది" అని తేల్చేశారు. అయ్యా, మదనపల్లె నుంచి పుంగనూరుకు దారి మా ఇంటి మేకకు కూడా తెలుసు! (నవ్వులు) నవ్వకండి, నాకు నవ్వు రావడం లేదు. "నడిచేది తిప్పేస్వామి కదా సార్, ఒక్క రోజు ఆయన చేతికిచ్చి అడవికి పంపండి, తడి చేత్తో నొక్కితే పని చేస్తుందో లేదో ఆయనే చెప్తాడు" అన్నాను. "ఆయనకేం తెలుస్తాదప్పా, ఇంగ్లీషు రాదు కదా" అన్నారు. ఇరవై ఏళ్ళు అడవిలో నడిచినవాడికి తెలియనిది, దోసె తిన్నవాళ్ళకి తెలిసిపోయింది.

సరే, కొన్నారు. నడిచేవాళ్ళకి కొత్తవి ఇచ్చారు, జీపులో పాతదే ఉంచారు. రెండూ ఒకే లెక్కలో అంకెలు చూపుతున్నాయా అని ఒక్కరూ చూడలేదు. నేనూ చూడలేదు.

ఆ వానరోజు పొద్దున పదకొండు గంటలకి ఫోన్ వచ్చింది. "తాజన్నా, వంకలో జారి పడినా, కాలు ఇరిగినట్టుండాది. అంకెలు సదువుతా, రాసుకో" అన్నాడు తిప్పేస్వామి. రెండుసార్లు చదివాడు, రెండుసార్లూ ఒకటే చదివాడు. నేను ఆ అంకెలే జీపులో కొట్టి, అది చూపిన చోటికి పోయాను. మనిషి లేడు. మళ్ళీ ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. నాలుగు గంటలు అరుస్తూ తిరిగాం. ఆయన ముప్పావు కిలోమీటరు అవతల, గుట్టకు ఆ పక్కన, వంక నీళ్ళలో కాలు పెట్టుకుని పడున్నాడు. నన్ను చూడగానే తిట్టలేదు, "సరిగ్గానే సదివినా కదన్నా" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

పది రోజుల్లో రిపోర్టు వచ్చింది: "ట్రాకర్ అంకెలు తప్పుగా చెప్పినందువల్ల ఆలస్యం జరిగింది." అంతే, తిప్పేస్వామిని పనిలోంచి తీసేశారు. కాలూ పోయె, పేరూ పోయె!

తర్వాత నేను రెండు యంత్రాలూ పక్కపక్కన పెట్టి చూశాను. చోటుని కూడా గడియారంలాగే కొలుస్తారు కదా, పాతది డిగ్రీల తర్వాత నిమిషాలు, సెకన్లు చూపుతుంది. కొత్తది సెకన్లు చూపదు, నిమిషాన్ని నూరు భాగాలు చేసి చూపుతుంది. ఒంటిగంటన్నరకు రమ్మని ఒకాయన ఒకటి పాయింటు యాభై అని రాస్తే, ఇంకొకాయన ఒంటిగంటా యాభై నిమిషాలకు పోయినట్టు. ఈ పొద్దున ఇదే హాలు గుమ్మం దగ్గర రెండింటిలోనూ గుర్తు పెట్టుకుని వచ్చాను. కమిటీలో ఉన్న హేమావతమ్మా, మీరు కొత్తది చదవండి. నలభై నాలుగు, డెబ్బై అంటున్నారు. వసీం, రేపటి నుంచి జీపు నీదే కదా, పాతది నువ్వు చదువు. నలభై నాలుగు, నలభై రెండు అంటున్నాడు. విన్నారా? నిమిషంలో నూటికి డెబ్బై భాగాలంటే నలభై రెండు సెకన్లే, గుమ్మం ఒకటే! (హాలులో కలకలం)

ఈ మాట అప్పుడే ధనుంజయ గారికి చెప్పాను. "యాలప్పా నీకు, ఇంకో నాలుగు నెలల్లో దిగిపోయేవాడివి. ఫైలు మూసేసినాం" అన్నారు. నేను నోరు మూసుకున్నాను. సర్వీసు చివర్లో గొడవెందుకులే అనుకున్నాను. ఆ నాలుగు నెలలూ తిప్పేస్వామి బజారులో "అంకెలు రానోడు" అనిపించుకుంటూ కుంటుతూ తిరిగాడు. యంత్రం ఎంచుకోవడంలో తప్పు కమిటీది, సరిచూసుకోకపోవడంలో తప్పు నాది, నోరు మూసుకోవడం అయితే ముమ్మాటికీ నాదే. తిప్పేస్వామీ, మూడో వరుసలో తల దించుకుని కూర్చోకు. దించుకోవాల్సింది మేము.

పెద్దలారా, ఆ రిపోర్టులో ఆయన పేరు కొట్టేసి నా పేరు రాయండి. రిటైరైనవాణ్ణి ఏం చేస్తారు, జీపు లాక్కుంటారా? ఆయన్ని పనిలోకి పిలవండి. నడవలేకపోతే, నడిచేవాళ్ళకి నేర్పుతాడు. ఈసారి యంత్రం కొనేటప్పుడు ముందు ఆయన చేతిలో పెట్టండి.

ధనుంజయ గారూ, లేచారు కదా, కూర్చోకండి. ఇన్నేళ్ళు నన్ను భరించినందుకు మీకూ, సంఘానికీ ధన్యవాదాలు. ఇదిగో మైకు. నన్ను పొగడొద్దు. తిప్పేస్వామి చదివిన అంకెలు సరైనవే అని ఒక్క మాట, ఇంతమంది ముందర అనండి. అది నా చెవిన పడ్డాకే సెలవు తీసుకుంటాను.