చేతులు దించనియ్యని మ్యాచ్

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. అమీర్‌పేటలో మా ఇంటి ఓనరు రాజయ్య తాత కింది వరండాలో కూర్చొని నా చొక్కాకు ఊడిన గుండీ కుడుతున్నాడు. వయసు డెబ్బై తొమ్మిది, నలభై ఏళ్లకు పైగా టైలరు పని చేశాడు. నా ఫోన్‌లో వన్డే మ్యాచ్ నడుస్తోంది. సిరీస్‌లో చెరో రెండు గెలిచారు, ఇది ఐదోది. "తాతా, షాపు ఉన్న రోజుల్లో మ్యాచ్‌లు ఎట్ల చూసేటోళ్లు?" అని అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టుగా ఇది.

చూసుడేంది బిడ్డా, వినుడే. చూసుడు తర్వాత వచ్చింది. టీవీ ముందటి గల్లీల డాక్టర్ సాబ్ ఇంట్ల ఉండె, కిటికీకాడ జనం కిక్కిరిసి నిలబడుదురు. మాకెట్ల కుదురుతది చెప్పు? టైలరుకు కండ్లు గుడ్డ మీదుండాలె, చేతులు గుడ్డ మీదుండాలె. ఖాళీగ ఉండేటియి చెవులే. అందుకే రేడియో. మా బావమరిది తెచ్చిచ్చిండు. మాది సిరిసిల్ల కదా, మగ్గం మీద బతుకు ఎల్లక పట్నమొచ్చినం, వచ్చిన కొత్తల వాడే ఆసరా. మంచోడు, తాగుడు ఒక్కటే... గదంత వేరే ముచ్చట. ఏం చెప్తున్న?

రేడియో.

ఆఁ, రేడియో. షాపు యాడ ఉండెనో ఎరుకేనా? గిప్పుడు మెట్రో మెట్లు దిగుతరు చూడు, ఆడికెల్లి నాలుగడుగులు. చిన్న డబ్బా. నేను కటింగు, నా పెండ్లాం సత్తెమ్మ కాజాలు. నువ్వు అద్దెకొచ్చేటాల్లకే ఆమె పోయింది, నువ్వు చూడలే. ప్యాంటు కుట్టుడు అప్పుడు పదిహేను రూపాయలు... కాదు కాదు, పద్దెనిమిది. పదిహేను చొక్కాకు.

మ్యాచ్ ఉన్న రోజు నల్ల లైనింగు గుడ్డ తలుపుకు ఏలాడదీసి, కటింగు సుద్దతోని స్కోరు రాసేటోన్ని. ఓవరుకోపారి తుడుచుడు, రాసుడు. పంజాగుట్ట దిక్కు పోయే బస్సు మా షాపు ముందటికొస్తే డ్రైవరు జర స్లో చేసేటోడు. జనం కిటికీలకెల్లి తలకాయలు బయటపెట్టి చదువుదురు. వికెట్ పడ్డదనుకో, బస్సు బస్సంత 'అరెరే' అని పోతుండె.

ఇంకో కాయిదా, రూలు లెక్క, సుత ఉండె. మనోళ్లు మంచిగ కొడుతుంటే ఎవలు ఎట్లున్నరో అట్లనే ఉండాలె. కూసున్నోడు లేవొద్దు, నిలబడ్డోడు కూసోవద్దు. పక్క పాన్‌డబ్బా యాదగిరి పెట్టిన కాయిదా అది. ఒకపారి చాయ్ గ్లాసు నోటికాడ పెట్టుకొని, తాగకుంట రెండు ఓవర్లు అట్లనే ఉన్నడు. నవ్వకు, నిజం.

గా సిరీస్ వెస్టిండీసోళ్లతోని... లేదు, ఆస్ట్రేలియానే. గిట్లనే, చెరి రెండు. ఆఖరి మ్యాచ్. మనోళ్లకు ఇంక ఎనభై కావాలె, ఐదుగురు పోయిండ్రు. గప్పుడు వచ్చిండు చందర్.

చందర్ అంటే వరంగల్ దిక్కు పిలగాడు. కృష్ణానగర్‌ల నలుగురితోని ఒక్క రూముల ఉంటుండె. సినిమాలల్ల గుంపుల నిలబడేటోడు. మూడేండ్లు నిలబడ్డడు, ఒక్క మాట మాట్లాడనియ్యలే. గా దినం దక్కింది మాట. పొద్దుగూకంగ ఐదు గంటలకు పంజాగుట్ట అవుతలి స్టూడియోల షూటింగు. బ్యాంకు క్లర్కు వేషం, కోటు నువ్వే తెచ్చుకో అన్నరంట. రూముల ఉన్నోని పెండ్లి కోటు పట్టుకొచ్చిండు. గీయిన పుల్లలెక్క ఉంటడు, అది ఇద్దరు పట్టేటంత ఉంది.

"రాజన్నా, కత్తెర పెట్టకు, నాది కాదు. మడిచి కుట్టు. గీసారి మాట పోయిందంటే ఊరికి పోయి మా మామ ఎరువుల దుకాణంల కూసునుడే. అమ్మకు ఉత్తరం సుత రాసిన, సినిమాల మాట్లాడుతున్న అని."

"ఏం మాటరా?" అని సత్తెమ్మ అడిగింది.

అద్దం దిక్కు చూసి చెప్పిండు. "తాళాలు మా సారు దగ్గరున్నాయండీ." అంతే. అది బట్టీ పట్టుకొని నాలుగు దినాలకెల్లి జపం చేస్తుండంట.

పీట మీద నిలబెట్టిన. చంకల కాడ పిన్నులు పెట్టాలె కదా, చేతులు లేపుమన్న. లేపిండు. రేడియోల ఫోరు. నేను ఇంకో పిన్ను పెట్టిన. ఇంకో ఫోరు. యాదగిరి పాన్‌డబ్బలకెల్లి ఒర్రిండు. "అరేయ్ హీరో, చేతులు దించకు!"

చందర్ నవ్వి దించిండు. దించిండో లేదో, వికెట్ పడ్డది.

ఇగ చూడు. షాపు ముందట పదిహేను మంది, అందరు వాన్నే తిడుతుండ్రు. నోరు మూసుకొని మళ్ల లేపిండు. సిక్సరు! గంతే, అయిపోయింది. వానికి తప్పించుకునే తొవ్వ లేదు. బట్టలు తగిలేసే దండెం కట్టె గుంజి వాని ముంజేతుల కిందికి పెట్టిన, జర ఆసరాగ ఉంటదని. యాదగిరి ఒప్పుకోలే. "తాకిస్తే లెక్కకు రాదు" అన్నడు. తీసేసిన.

సత్తెమ్మ కాజా కుట్టుకుంట అంటది, "పిలగాని చేతులు తిమ్మిరెక్కుతయి, మీకేమన్న బుద్ధున్నదా? ఆడ ఆడేటోడు ఈని చంకలు చూసి ఆడుతుండా?" అని. ఎవలు వింటరు.

మరి పని కావాలె కదా. నాలుగైంది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండంగ మణికట్టు కాడ సుద్దతోని గీత పెట్టిన, మడిచిన, పిన్నులు గుచ్చిన. రెండు చేతులకు. మొదటికెల్లి లెక్కేస్తే గంట సేపు నిలబడ్డడు బిడ్డా. చెమటలు కారుతున్నయి, పెదవులు మాత్రం ఆడుతనే ఉన్నయి, 'తాళాలు మా సారు' అనుకుంట.

గెలిచినం. ఆఖరి ఓవరుల. రోడ్డు మీద బస్సులు ఆగినయి. చందర్‌ను పీట మీదికెల్లి ఎత్తుకొని తిప్పిండ్రు, వాడే కొట్టినట్టు. యాదగిరి వానికి మీఠా పాన్ పైసలు తీసుకోకుంట ముఫత్ ఇచ్చిండు. నేను మిషన్ మీద పది నిమిషాలల్ల రెండు చేతులు కుట్టేసిన. వేసుకొని చూసుకునే టైం లేదు. కోటు పేపర్ల చుట్టుకొని కదులుతున్న బస్సు పట్టుకున్నడు.

నేను టేపు మెడకేసుకొని చాయ్ తాగుతున్న. సత్తెమ్మ సూది ఆపింది. ఆపి, మెల్లగ అడిగింది. "ఎత్తిన చేతికే గీత పెడ్తివి గదా. దించిన చేతికి ఎప్పుడు చూస్తివి?"

చాయ్ గ్లాసు కింద పెట్టిన.

నీకు సమజ్ కాలే? నిలబడు. చెయ్యి లేపు. చూసినవా, అంగీ చెయ్యి నాలుగు వేళ్లంత వెనుకకు జారింది. దించు. మళ్ల కిందికొచ్చె. ఎత్తిన చేతికి మణికట్టుకాడ కుట్టిన్నంటే, దించినంక ఏమైతది? అరచెయ్యి మొత్తం కోటు లోపటికి పోతది. సిరిసిల్ల నుంచి వచ్చినోన్ని, పట్నంల ఇరవై ఏండ్లు కుట్టినోన్ని, నేర్చుకునే పోరగాడు సుత చెయ్యని తప్పు చేసిన. అది సుత ఎవలకు? మూడేండ్లకు ఒక్క మాట దక్కినోనికి.

సైకిల్ తీసిన. సూది, దారం, కత్తెర జేబుల. పంజాగుట్ట చౌరస్తల గెలిచిన జనం, దునికేటోళ్లు దునుకుతున్నరు, సైకిల్ పోతలేదు. దిగి తోసుకుంట పోయిన. స్టూడియో గేటుకాడ వాచ్‌మన్ ఆపిండు.

"లోపట షూటింగు నడుస్తుంది, ఎవలను పోనియ్య."

"అన్నా, కోటు చేతులు పొడుగైనయి, రెండు నిమిషాలు."

"గదంత కాదుగని, మ్యాచ్ ఏమైంది?"

చెప్పిన. ఆఖరి ఓవరు ఒక్కొక్క బాలు అడిగి చెప్పిచ్చుకున్నడు. దండం పెట్టిండు, షుక్రియా అన్నడు. గేటు మాత్రం తియ్యలే.

ఏం చేస్త? వాపసొచ్చిన. మర్నాటికెల్లి చందర్ రాలే. కృష్ణానగర్ బస్సు ఆగినప్పుడల్ల తలకాయ లేపుడు, దించుడు. నల్ల గుడ్డ మడిచి బీరువాల పెట్టిన. స్కోరేదన్నా అని అడిగితే సుద్ద అయిపోయింది అన్న.

తర్వాత ఏమైంది తాతా?

ఏమైతది. గిగో, నీ గుండీ అయిపోయింది, పట్టు. గట్టిగ కుట్టిన. నువ్వు సల్లగుండాలె బిడ్డా, అంగీ సుత సల్లగుండాలె... ఆఁ, చందర్. ఆరో దినం వచ్చిండు. పొద్దుగాల, షాపు తీస్తున్న. కోటు చంకల పెట్టుకొని వచ్చిండు. నేను మొకం ఎత్తి చూడలే.

"రాజన్నా, గింత పొడుగు చేతులేందే? పోంగనే అసిస్టెంటు తిట్టిండు, మీ నాయిన కోటారా అని. తీసేసి ఇంకోనికి ఇయ్యుండ్రి వేషం అన్నడు."

"మరి?"

"మరేంది, అంతల్నే డైరెక్టరు పిలిచిండు. సీనేందో మాకెవలు చెప్తరు, గప్పుడే తెలిసింది. బ్యాంకుల దొంగలు పడుతరంట. మేం ముగ్గురు క్లర్కులం చేతులు పైకి లేపి నిలబడాలె. చివరిదాంక లేపే ఉండాలె. లేపితే కోటు మంచిగ కూసుంది, కొలిచి కుట్టినట్టు."

"మాట చెప్పినవా?"

"చెప్పిన. ఐదు టేకులైనయి. మిగిలిన ఇద్దరి చేతులు మూడో టేకుకే కిందికి జారినయి రాజన్నా. నావి జారలే."