చెరువులో సంకరం బాతు

అరవై రెండు జనవరి. విస్సన్నపేట రోడ్డు పక్కన, మామిడితోట దాటగానే చెరువుగట్టు. పాండురంగారావు కళ్లకి దుర్భిణి ఆనించుకుని నిలబడ్డాడు. వెనకాల కేరియరు పట్టుకుని నించున్న భార్య సత్యవతికి ఇంట్లోంచి బయల్దేరినప్పటినుంచీ ఒళ్లు మండుతూనే ఉంది.

“ఇంత పులిహోర ఎవరికండీ?”

“చెప్పాగా, రాజ్యలక్ష్మిగారికని. కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకునే మనిషి, ఈ బాతుని చూడ్డానికి బెజవాడ నుంచి బస్సులో పడి వస్తోంది. ఖాళీ కడుపుతో పంపిస్తామా?”

“నన్ను చేసుకుని ఎనిమిదేళ్లయింది. ఒక్కనాడైనా ఈ గట్టుకి తీసుకొచ్చారా?”

“ఇవాళ తెచ్చాగా!”

“ఎందుకు తెచ్చారో కూడా చెప్పండి.”

“ఎందుకేంటి... పెళ్లికాని మనిషి. మేమిద్దరమే ఇక్కడ నిలబడితే ఊళ్లో ఏమనుకుంటారు?”

“ఓహో. నన్ను తెచ్చింది తోడుకన్నమాట.”

“అబ్బా, ఊరుకోవే. అదిగో, అదిగో! ఆ చివర నాలుగోది. అదే సంకరం బాతు! తల వెనక రెండు నల్లగీతలుంటే గీతల బాతు. అసలు లేకపోతే బూడిద బాతు. దీనికి చూడూ, గీతలు చెరిపేసినట్టున్నాయి. అంటే రెండు జాతులకీ కలిసి పుట్టిందన్నమాట.”

“పిల్లబాతేమో. ఇంకా గీతలు రాలేదేమో.”

“రాజ్యలక్ష్మిగారూ అదే రాసింది! పిల్ల కాదని రూఢి చేసుకోమని.”

“ఆవిడ రాస్తే వేదం. నేనంటే చెవికెక్కదు. పోనీ, కాళ్లు చూశారా?”

“బురదలో ఉంది, కనపడి చావట్లేదు.”

“గులాబిరంగు. గీతల బాతులకైతే పసుపు. దీని ముక్కు కూడా మొద్దుగా ఉంటుంది, చివర నలుపు సగమే.”

“నీకెలా తెలుసు?”

“మొన్న మీరు నూజివీడు వెళ్లినప్పుడు వచ్చి చూశా. దుర్భిణి పెట్టె తాళంచెవి నా కొంగునే ఉంటుందిగా. ఇందులో వింతేముంది? మామిడిటెంక పాతితే తల్లిచెట్టు కాయే కాస్తుందా? అటూ ఇటూ కాకుండా ఇంకోటి కాస్తుంది. ఇదీ అంతే.”

“భలే చెప్పావే! ఈ మాట రాజ్యలక్ష్మిగారికి చెప్పాలి!”

సత్యవతి కేరియరు ఠపీమని గట్టుమీద పెట్టి మొగుడికేసి చూసింది.

“ఏం, అలా చూస్తావేం? ఆవిడంటే కుళ్లా నీకు?”

“కుళ్లే. ఒళ్లంతా కుళ్లే. ఆవిడ కార్డొస్తే పదిసార్లు చదువుకుంటారు. నేను పిలిస్తే ‘ఆఁ’ అనడానికి పూటంతా పడుతుంది.”

“పిచ్చిదానా, నా మాట ఎవరు నమ్ముతారే? ఆవిడ కళ్లారా చూసి రాస్తేనే లెక్క. మూడేళ్లనుంచి ఇలాంటిదొక్కటి కనపడుతుందేమోనని కళ్లు కాయలు కాచాయి. ఇవాళో రేపో లేచిపోతే మళ్లీ దొరుకుతుందా?”

“అంత ముఖ్యమా?”

“నా జన్మకి ఇదొక్కటే... ఉండు, హారను! బస్సొచ్చేసింది! అరెరె, ఆపలేదేంటి? సత్యవతీ, పోతోందే బస్సు!”

“పోనివ్వండి. అందులో ఆవిడ లేదు. బాతులన్నీ లేచిపోయాయి, శ్రమపడి రావద్దని మంగళవారమే కార్డు రాసేశా. కింద మీ సంతకం పెట్టి.”