జాలర్లమని చెప్పాం

పదిమంది ఆడవాళ్ళ మధ్య నిలబెట్టి అడగాల్సిన మాటేనా అమ్మా అది? మీ అమ్మాయి రాధారాణిని తప్పుపట్టడం కాదు. మంచి పిల్ల. కానీ చూడండి, నేనేదో నిన్న మా అబ్బాయి చైతన్యతో కలిసి కుర్చీలు దింపడానికొచ్చినవాణ్ణి. గరాజ్‌లో ఓ మూల నిలబడి కాఫీ తాగుతున్నాను. మీరు రోట్లో పసుపు కొమ్ములు వేసి రోకలి పట్టుకున్నారు. ఆవిడెవరూ, నాగమల్లేశ్వరి గారు, పక్కావిడ చెవిలో గొణిగారు. వీళ్ళాయన పోయినట్టు నేవీ వాళ్ళు ఎప్పుడో రాసిచ్చేశారట కదా, మరి ఈవిడ ముత్తయిదువుల్లో రోకలి పట్టడమేమిటి అని. చెవిలో అన్నాననుకున్నారు గానీ ఈ ఆష్‌బర్న్ ఊరంతా వినబడింది.

అంతే, మీ అమ్మాయి గిర్రున నా వైపు తిరిగింది. “అంకుల్, మీరు నేవీలో చేశారుగా. మీరే చెప్పండి, మా నాన్నగారు బతికుండే ఛాన్స్ ఉందా, లేదా?”

నేనేం చెప్పాను? ఉందమ్మా, సముద్రంలో ఏదైనా జరగొచ్చు అన్నాను. మీరు నా వైపోసారి చూసి రోకలి ఎత్తారు. అందరూ పాట అందుకున్నారు. 

కాస్త ఇలా కూర్చోండి. ఇవాళ పదకొండింటికి మీ మనవరాలు నిధిని పెళ్ళికూతుర్ని చేస్తారనీ, మొదటి బొట్టు మీరే పెట్టాలనీ తెలుసు. అందుకే మీరు వాకింగ్‌కొచ్చే టైమ్ చూసుకుని వచ్చాను. ఎక్కువసేపు పట్టదు. ఏభై నాలుగేళ్ళు పట్టింది గానీ, చెప్పడానికి పావుగంట చాలు.

ఏమిటా హోరు అంటారా? ఆ గోడ వెనకాల డేటా సెంటర్ అమ్మా. కంప్యూటర్లు వేడెక్కకుండా ఫ్యాన్లు తిప్పుతారట, పగలనక రాత్రనక. ఇంజన్ రూమ్ పక్కన మంచం వేసుకుని పడుకున్నట్టు ఉంటుంది నాకు. మావాడు చెవులకి ఏదో ఖరీదైన హెడ్‌ఫోన్ కొనిచ్చాడు, ఇది పెట్టుకో నాన్నా, ఏమీ వినబడదు అని. పెట్టుకుంటే ఇంకా స్పష్టంగా వినబడుతోందిరా అన్నాను. ఏం వినబడుతోంది అన్నాడు. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టేశాను.

మీరు నన్ను గుర్తుపట్టలేదు కదా, వదినా?

ఆఁ, వదినా అనే అన్నాను. నెల రోజులుగా నేను మీకు చైతన్య వాళ్ళ నాన్నగారిని, మీరు నాకు రాధారాణి వాళ్ళమ్మగారు. ఈ అమెరికా వస్తే మనకి సొంత పేర్లుండవు కదా. నా పేరు కొండల్ రావు. డెబ్బై రెండు ఆగస్టులో, విశాఖపట్నంలో, మీ నాన్నగారింటికి వచ్చాను. అప్పుడు నాకింత పొట్ట లేదు, జుట్టుండేది. మీరు ఉయ్యాల తాడు పట్టుకుని కూర్చున్నారు. ఉయ్యాల్లో ఆర్నెల్ల పిల్ల.

గుర్తొచ్చిందా? రాలేదా? సరే, వచ్చినట్టే ఉంది. చేతిలో ఫోన్ పక్కన పెట్టండి, పడిపోతుంది.

ఆ రోజు మీరు ఒక్కటే అడిగారు. ఆయన పోవడం మీ కళ్ళతో చూశారా అన్నారు. చూడలేదు వదినా, ఓడ మునిగాక నీళ్ళల్లో రాధాకృష్ణ అన్న నాకు కనబడలేదు అన్నాను. చూడలేదంటే ఉన్నట్టేగా అన్నారు మీరు. లోపలికెళ్ళి నాకు అన్నం వడ్డించుకొచ్చారు. చారూ, వంకాయ కూరా. నేను తిన్నాను. చేతులు కడుక్కుని వచ్చేశాను.

నా మాట మీద నిలబెట్టుకున్నారు వదినా మీ బొట్టు. నా మాట మీద.

అన్నా నేనూ కలిసే ఒడ్డుకి చేరాం.

ఉండండి, చెప్పనివ్వండి. మధ్యలో ఆగితే మళ్ళీ నాకు నోరు పెగలదు.

మాది పేరున్న యుద్ధనౌకేమీ కాదు. సరుకులు మోసే చిన్న ఓడ, బంగ్లాదేశ్ యుద్ధం కోసం నేవీ తీసుకుంది. డెబ్బై ఒకటి డిసెంబరు తొమ్మిదిన తెల్లారాక నీళ్ళల్లో పెట్టిన మైన్ తగిలి పేలింది. పది నిమిషాలు కూడా తేల్లేదు. నాకు ఇరవై ఏళ్ళు, ఈత వచ్చన్నమాటే గానీ భయంతో కాళ్ళాడలేదు. రాధాకృష్ణ అన్న నా కాలర్ పట్టుకుని తెప్ప మీదికి లాగాడు. అప్పటికే ఆయన తొడలో ఇనప ముక్క దిగబడి ఉంది. అది కూడా నాకు మర్నాడు గానీ చెప్పలేదు. మూడు రోజులు కొట్టుకుపోయాం. ఒడ్డు తగిలేసరికి అది బర్మా.

బర్మా ఆ యుద్ధంలో ఏ పక్షమూ కాదు. అదీ చిక్కు. ట్రైనింగ్‌లో మాకో ముసలి ఇన్‌స్ట్రక్టర్ చెప్పేవాడు. యుద్ధంలో లేని దేశం ఒడ్డుకి నేవీ వాడు కొట్టుకొస్తే, వాడికి తిండి పెడతారు, మందిస్తారు, కానీ ఇంటికి పంపరు. మళ్ళీ వెళ్ళి పోట్లాడకుండా యుద్ధం అయ్యేదాకా అక్కడే అట్టే పెడతారు. అది రూలు. వెనకటి పెద్ద యుద్ధంలో అలా నాలుగేళ్ళు, ఐదేళ్ళు ఉండిపోయిన వాళ్ళున్నారు, పెళ్ళాలు మొహాలు మర్చిపోయారు అని నవ్వేవాడు. అదే జాలర్లయితే పాపం అని వారంలో పంపేస్తారు అని కూడా అనేవాడు.

ఇసకలో పడున్నాం, నాలిక పిడచకట్టుకుపోయింది, నాకు ఆ మాటే గుర్తొచ్చింది. జాలర్లమని చెబుదాం అన్నా అన్నాను. ఆలోచన నాదే. అన్న వెంటనే ఒప్పుకోలేదు. యూనిఫారం కాదనుకోవడం తప్పురా అన్నాడు. అప్పుడు నేను మీ పేరెత్తాను. వదినకి ఏడో నెల కదన్నా, పురుడు టైమ్‌కి నువ్వు ఇంట్లో ఉండొద్దా అన్నాను. ఆ మాటకి సరే, కానీ అన్నాడు. నేవీ వాళ్ళమని తెలిపే ఇద్దరి పే బుక్కులూ, చొక్కాలూ నేనే రాయి కట్టి సముద్రంలోకి విసిరాను. చూడండి, ఈ చేత్తోనే.

పోలీసు ఠాణా ఒకటుంది ఆ ఊళ్ళో. ఆఫీసరు మంచివాడే, మమ్మల్ని చెయ్యెత్తి కొట్టలేదు. ఆయనకి మన భాష రాదు కదా, రైసుమిల్లులో పనిచేసే ఓ తెలుగు ముసలాయన్ని పిలిపించాడు. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే వలసెళ్ళిన మనిషి. ఆయన మా అరచేతులు తిప్పి చూశాడు. వల లాగే చేతులు ఎలా ఉంటాయో ఆయనకి తెలియదా? తెలుసు. అయినా మేం చెప్పిన దొంగ పేర్లే ఆఫీసరుకి చెప్పాడు. అన్న పేరు పోలయ్య అని రాయించాను.

మరి వారంలో పంపేస్తారన్నది ఏమైంది అంటారా? ఏముంది, యుద్ధం రోజులు కదా, బోర్డర్ దాటొచ్చిన జాలర్లని కూడా కదలనివ్వలేదు. మా ఇన్‌స్ట్రక్టర్ పాతికేళ్ళనాటి మాట చెప్పాడు. నేవీ వాళ్ళమని చెప్పుంటే అక్యాబ్ పట్నం ఆస్పత్రిలో డాక్టరు చూసేవాడు. గాయపడ్డ నేవీ వాడికి వైద్యం చెయ్యడం కూడా అదే రూల్లో ఉంది. ఆ ముక్క నాకు గుర్తులేదో, గుర్తుండీ మింగేశానో, ఇప్పటికీ నాకే తెలియదు. జాలరికి ఏముంది? ఠాణా వెనక గదిలో చాప, పూటకింత గంజి, ఓ గుడ్డ కట్టు.

కాలు వాచింది. చీము పట్టింది. జ్వరం. వివరంగా చెప్పమంటారా? వద్దు వదినా, అది నన్ను మోయనివ్వండి.

పోయింది డిసెంబరు ఇరవై ఒకటి, మంగళవారం, పొద్దున్నే. పంచాంగం తిరగేసి చూశాను తర్వాత. పుష్య శుద్ధ చవితి. ఊరి చివర కొబ్బరి తోట పక్కన పూడ్చాం, నేనూ ఆ ముసలాయనా. దహనం చెయ్యనివ్వలేదు. ఏటా ఆ తిథికి నేను ఉపవాసం ఉంటాను. మా ఆవిడ బతికున్నంతకాలం అడిగేది, ఏం వ్రతమండీ అది, ఏ దేవుడికి అని. కడుపు బాగాలేదు అనేవాణ్ణి. ఏటా ఒకే తిథికి కడుపు పాడవుతుందా అని నవ్వేది.

నన్ను మరో ఏడు నెలలు ఉంచి, వేరే జాలర్లతో కలిపి కలకత్తా పంపారు. నేవీలో అడిగారు. బర్మాలో నన్ను జాలరనుకున్నారు, నా మాట వాళ్ళకి అర్థం కాలేదు అన్నాను. రాధాకృష్ణ ఏడి అన్నారు. నీళ్ళల్లో చూడలేదు అన్నాను. సంతకం పెట్టాను. ఒకసారి కాగితం మీద పడ్డాక ఇంక మీ దగ్గర వేరే మాట ఎలా చెప్పను? చెప్పడానికే వచ్చాను, నిజం. ఆ ఉయ్యాల చూశాను, మీ నుదురు చూశాను. నోట్లోంచి చూడలేదు అనే వచ్చింది.

నేను మీ బొట్టు తీసెయ్యమని చెప్పడానికి రాలేదు. అమ్మో, ఆ మాట నా నోట రాదు. మీరు పెట్టుకోండి. ఇవాళ నిధికి మొదటి బొట్టు మీరే పెట్టండి, ఎవరొద్దంటారో నేనూ చూస్తాను. మళ్ళీ పదిమందిలో అడిగితే మళ్ళీ ఉంది అనే చెబుతాను, ఆ నాగమల్లేశ్వరి గారి మొహం మీదే చెబుతాను. కానీ మీరొక్కరూ తెలుసుకుని పెట్టుకోవాలి కదా. నా అబద్ధం మీద పెట్టుకోవడం వేరు, మీ ఇష్టం మీద పెట్టుకోవడం వేరు. నిన్న మీరు రోకలెత్తుతుంటే అదే అనిపించింది. రాధారాణికి చెప్పాలా వద్దా అన్నది కూడా మీ ఇష్టమే. నన్ను రమ్మంటే వచ్చి చెబుతాను. పోలీసులకి చెప్పినా సరే, నేవీకి రాసినా సరే. డెబ్బై నాలుగేళ్ళ వాణ్ణి, నన్నేం చేస్తారు?

ఏమన్నారు? సరిగ్గా వినబడలేదు, ఈ హోరొకటి.

లేదు వదినా, అలా అనకండి. దయచేసి అలా అనకండి. ఇరవై ఏళ్ళ కుర్రాడివి, యుద్ధం రోజులు, భయపడ్డావు, ప్రాణభయం ఎవరికి ఉండదు అని మీరింత చల్లగా అనేస్తే నేను ఇంటికెలా వెళ్ళను? తిట్టండి. చెప్పు తీసి కొట్టండి. నెల రోజులుగా నేను ఎదురుచూస్తోంది దానికోసం.

యుద్ధం రోజులు కాదు వదినా అవి.

యుద్ధం అయిపోయింది. పదిహేడో తారీఖునే ఆ ముసలాయన వచ్చి నా పక్కన చతికిలబడి చెప్పాడు. రేడియోలో వచ్చింది బాబూ, అంతా అయిపోయిందట, మీరెవరైనా సరే ఇంక నిజం చెప్పొచ్చు, చెబితే ఆ బాబుని ఆస్పత్రికి తీసుకుపోతారు అన్నాడు. లోపల పడుకున్న ఆ బాబుకి కూడా చెప్పనా అన్నాడు. నేనే చెబుతాలే, నువ్వెళ్ళు తాతా అన్నాను.

చెప్పలేదు. పే బుక్కులు పారేసింది నేను. యూనిఫారం కాదనమన్నది నేను. నిజం బయటపడితే కోర్ట్ మార్షల్ నాకు. జైలు నాకు. ఇంకో రెండు రోజులు చూద్దాం, జ్వరం తగ్గుతుంది అనుకున్నాను. అనుకున్నానో, అనుకున్నానని తర్వాత చెప్పుకున్నానో.

అన్న రోజూ పొద్దున్నే కళ్ళు తెరిచి అదే అడిగేవాడు. “యుద్ధం అయిందేంట్రా కొండలూ?”

ఇంకా లేదన్నా అనేవాణ్ణి.

ఇరవయ్యో తారీఖున అక్యాబ్ వెళ్ళే లారీ ఠాణా ముందు ఆగింది. ఆఫీసరు తనే లోపలికొచ్చి, అన్న పక్కన కూర్చుని, ముసలాయన చేత అడిగించాడు. నువ్వు నేవీ వాడివైతే చెప్పు, ఇప్పుడే లారీలో పడుకోబెడతాం అని. అన్న నా వైపు చూశాడు. ఆఫీసరు ముందు నోరు విప్పకుండా కళ్ళతోనే అడిగాడు, అయిందా అని. నేను తల అడ్డంగా ఊపాను.

అన్న నన్ను కాపాడుతున్నాననుకున్నాడు వదినా. తను నిజం చెబితే, ఈ కుర్రాడు యుద్ధం అయ్యేదాకా ఇక్కడే బందీగా పడి ఉంటాడనుకున్నాడు. ఆఫీసరు వైపు తిరిగి, జాలరినే బాబూ అన్నాడు.