పసుపు పెట్టిన చీటీ

చిక్కడపల్లి గల్లీలో వినాయక మండపం ముందు లక్కీ డ్రా జరుగుతోంది. మొదటి బహుమతి మిక్సీ. కళ్లకు గంతలు కట్టించుకుని ఇత్తడి బిందెలోంచి చీటీ తీసిన పెద్దామె గంతలు విప్పుకునేసరికి, మండపం కమిటీ సెక్రటరీ మైకు బంద్ చేసి ఆమె చెవి దగ్గరికి వంగాడు.

“పెద్దమ్మా, నీ చీటీనే వచ్చింది.”

“మంచిగైంది బిడ్డా. మా మిక్సీ కాలిపోయినకాంచి రోట్లె నూరి నూరి నా రెక్కలు పడిపోయినయి. చదువు మరి.”

“ఎట్ల చదవాలె? తీసింది నువ్వు, వచ్చింది నీది. పైంగ నాలుగు మూలలకు పసుపు. గుర్తు పెట్టుకున్నవంటరు.”

“శుభమని పెట్టిన. కండ్లకు గంతలు కట్టినంక పసుపు నాకేం కనవడ్తది?”

“ఎండిన పసుపు చేతికి గరుకు తగుల్తదంటరు. జర ఇంకోటి తియ్యి.”

ఆమె మిక్సీ డబ్బా వైపు ఒకసారి చూసి, మళ్లీ గంతలు కట్టించుకుని బిందెలో చెయ్యి పెట్టింది.

“ఎవరిది బిడ్డా?”

“మా ఇంటామెది.”

“చదువు మరి. మైకు నీ చేతులనే ఉన్నది.”

“చదివితే నన్ను బతకనిస్తరా పెద్దమ్మా? దీనికి పసుపుతోటి కుంకుమ గూడ ఉన్నది.”

“బిందె బోర్లించు.”

చీటీలన్నీ బల్ల మీద కుప్పగా పడ్డాయి.

“అన్నిటికి పసుపే ఉన్నది పెద్దమ్మా.”

“గల్లీల ఆడోళ్లందరం ఒక్కతీరుగనే మొక్కినం. ఇగ ఎవరిదని గుర్తువడ్తరు? మైకు ఆన్ చెయ్యి. మొదాలు వచ్చిన పేరు జర గట్టిగ చదువు, మా కోడలు ఎనక కూసున్నది.”