టైపు క్లాసులో కొత్త అడ్మిషన్

హాల్లో కుర్చీలో నానమ్మ. వంటగది గుమ్మంలో మనవడు, అతని కొత్త పెళ్లాం.

"...అమ్మో, చెప్పనే చెప్పను! నీ పెళ్లాన్నని తెలిస్తే మళ్లీ గదిలోకెళ్లి గడియ పెట్టుకుంటుంది."

"మెల్లగా! వినిపిస్తుంది."

"వినిపించినా గుర్తుండాలిగా! తిన్న అన్నం మర్చిపోతుంది, కట్టిన చీర మర్చిపోతుంది. నన్ను వద్దన్న సంగతి మాత్రం మర్చిపోదు. ఇదేం మతిమరుపు బాబూ!"

"ఫిజియో మేడమ్ చెప్పిందిగా. సంగతులు పోయినా కోపమో ఇష్టమో మిగిలిపోతుందట."

"అయితే ఇష్టం కూడా మిగులుతుంది కదా! అదే నా ఆశ. ముందు ఆ ఎడం భుజం కదిలిద్దాం. బిగుసుకుపోతే కష్టమంది."

"మొన్న పాట పెట్టి బంతి ఇస్తే నా మొహాన కొట్టింది."

"కుడి చేత్తోగా? లాభం లేదు. మీ అత్త ఏం చెప్పిందో తెలుసా? టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే రోజుల్లో నానమ్మ బ్యాండు పాట పెట్టి, తాళానికి సరిగ్గా టైపు కొట్టించేదట. నువ్వు ఫోన్లో పాట పెట్టు. ఈ గిన్నె, చెంచా పట్టుకో. నేను కన్ను గీటినప్పుడల్లా టింగుమనిపించు."

"కన్ను గీటితే నాకు వేరే ఆలోచనలొస్తాయి."

"ఛీ! పద... నమస్తే మేడమ్!"

"ఎవరమ్మా నువ్వు?"

"కొత్త అడ్మిషన్ మేడమ్. టైపు లోయర్ పరీక్షకి నేర్చుకుందామని."

"ఆలస్యంగా వచ్చి పళ్లికిలిస్తావేం? కూర్చో. నడుం నిటారుగా! నీ మిషనేది?"

"ముందు ఉత్త బల్ల మీదే వేళ్లు తిప్పమన్నారు కదా మేడమ్."

"ఎవరూ?"

"మీరే."

"నేనా? నేనంటే సరిగ్గానే అని ఉంటాను. పాట ఏదీ? ఆ... అదీ! ఎ, ఎస్, డి, ఎఫ్. వేళ్ల వంక చూడకు. తాళం విను, తాళం! అదిగో, గంట మోగింది. లైను అయిపోతే ఏం చెయ్యాలి?"

"మిషను పైన క్యారేజీని కుడి చేత్తో వెనక్కి తొయ్యాలా మేడమ్?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఎడం చేత్తో. ఇదిగో, ఇలా. భుజం నుంచి రావాలి."

"ఏయ్, చూశావా! ఎత్తింది! ఎంత పైకి..."

"క్లాసులో కబుర్లేంటి? ఆ అబ్బాయెవరు?"

"మిషన్లు బాగుచేసే మెకానిక్ మేడమ్."

"వచ్చినప్పట్నుంచీ నిన్నే చూస్తున్నాడు. ఓ అబ్బాయ్, గంట మీద ధ్యాస పెట్టు! మళ్లీ కొట్టవే పిల్లా. తొయ్యి! తొయ్యి! అయ్యో, మోచెయ్యి అలా వేలాడేస్తావేం? ఉండు, వస్తున్నా."

"నా చెయ్యి పట్టుకోండి మేడమ్."

"నేనేమన్నా ముసలిదాన్నా? సరేలే, ఇటివ్వు. నువ్వు పడిపోయేలా ఉన్నావు."

"నడిపించండి మేడమ్. బల్ల చుట్టూ ఒకసారి... బాగుంది. ఇక కూర్చోండి, పాట అయిపోయింది. ఆయాసమొస్తోందా?"

"హాయిగా ఉంది. నీకు చెబుతుంటే ప్రాణం లేచొస్తోందే. పెళ్లయిందా?"

"అయింది మేడమ్. కొత్తగా."

"బాగా చూసుకుంటాడా?"

"మెకానిక్... అదే, మా ఆయనా? బంగారం."

"మిగతావాళ్లు?"

"అందరూ మంచోళ్లే. ఒక్కావిడ మాత్రం నన్ను చూస్తే తలుపేసుకుంటుంది."

"ఎవరా గయ్యాళి?"

"గయ్యాళి కాదు మేడమ్. నేనెవరో ఆవిడకి తెలీదు, అంతే."

"ఊఁ."

"ఏంటి మేడమ్, అలా అయిపోయారు?"

"ఏం లేదు. మా ఇంట్లోనూ ఒక పిల్ల ఉంది. మా మనవడు తెచ్చుకున్నాడు. వద్దన్నాను. ఎందుకన్నానో... ఏదో కారణం ఉండేది. ఇప్పుడు గుర్తు రావట్లేదు."

"పోనీ, పిలిచి మాట్లాడండి."

"ఏ మొహం పెట్టుకుని? తిడితే?"

"తిట్టదు మేడమ్."

"నీకేం తెలుసు?"

"తెలీదు... కానీ తిట్టదు."

"అయితే ఒక పని చెయ్యి. రేపు దాన్ని పిలుస్తాను. నువ్వు నా పక్కనే కూర్చో, ఒక్కదాన్నే అంటే భయమేస్తోంది."