కుంకం బొట్టెట్టిన పుస్తకం

"అమ్మమ్మా, ఈయన పుస్తకం మనింట్లో ఉందేటి? ఈయన రాసింది ముట్టుకోకూడదంటారు మా కాలేజీలో."

ముట్టుకోకూడదా! ఒలమ్మ, ఆ మాట మా నాన్న కూడా అన్నాడే. ఇలగ తే. మెల్లగా, అట్ట సిరిగిపోద్ది. ఆ ఎర్రటి మరక సూసావా? కుంకం. కూకో, సెప్తాను.

నాను బరంపురం కాలేజీలో సదివీదాన్ని, మొదటి ఏడు... కాదు కాదు, రెండో ఏడు. ఛత్రపురం నుంచి రోజూ బస్సు. మన సుట్టాల్లో కాలేజీకెల్లిన మొదటి ఆడగుంట నానే, తెలుసా? మా నాన్న బడి మాష్టారు. ఈ పుస్తకం రాసినాయనంటే ఆయనకి ఒళ్ళుమంట. కొంపలు కూల్చీవోడని తిట్టీవాడు. నువ్వు సదివావా నాన్నా అంటే, పెంటని తెలవడానికి తొక్కి సూడాలేటి అనీవాడు. "ఆ పుస్తకం గడప దాటొచ్చిందా, నీ కాలేజీ ఆ రోజుతో సరి" అన్నాడు. అన్నాడంటే సేసీ మడిసే మరి.

వద్దంటే ఊరుకుంటామేటి? బజార్లో పాత పుస్తకాలమ్మీ ఒడియా ముసిలాయన దగ్గర, తెలుగులోకి దించిందే, రూపాయిన్నరకి కొనీసాను. రూపాయిన్నరంటే ఏటనుకున్నావు, ఆర్యపల్లి కవళ్ళ సేపలు తట్టెడొచ్చీవి. మా అమ్మ ఆ కవళ్ళు సింతకాయేసి వొండితే... సరే, అదొదిలీ. కొన్నాను గాని దాచడం ఎలగ? పాత కేలండర్లో సరస్వతమ్మ బొమ్మ ఉంటే, సింపి అట్టేసీసాను. సరస్వతమ్మ జోలికి మా ఇంట్లో ఎవులెల్తారు?

అదే నా కొంప ముంచింది, ఇను. ఇక్కడ ఒడియా వోళ్ళతో పాటు మనమూ మాఘమాసంలో సరస్వతీ పూజ సేస్తాం కదా, ఇంట్లో పుస్తకాలన్నీ పీట మీద పెట్టి. మా అమ్మకి సదువు రాదు. బొమ్మ బాగుందని దీన్ని అన్నిటికంటే పైన పెట్టీసింది! మా నాన్న తానం సేసొచ్చి, దీనికే బొట్టెట్టి, అక్షింతలేసి, ఒంగి దండమెట్టాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చీసాయి. పూజలో ఉన్న పుస్తకం ఆ రోజు కదపకూడదు, నా ప్రాణమేమో దాని మీదే.

మర్నాడు నాకంటే ముందు ఆయనే తీసాడు. అట్ట జారిపోయింది. పేరు సదివాడు. అయిపోయింది నా కాలేజీ అనుకున్నాను. తిన్నగా పొయ్యి దాకా ఎల్లాడు, ఎల్లి ఆగిపోయాడు. తన సేత్తో బొట్టెట్టిన పుస్తకం, ఎలగ కాలుస్తాడు? అలగే నిలబడిపోయాడమ్మా. పొయ్యి మీద అన్నం మాడిపోతంది, మా అమ్మ తప్పుకోండి తప్పుకోండి అంటంది! ఆకరికి, "వీడి తప్పులన్నీ దిద్ది నీ ముందు పెడతాను, అప్పుడు మానిపిస్తాను కాలేజీ" అని పెన్సిలట్టుకుని కూకున్నాడు.

పది రోజులు దిద్దాడు, బడి పిల్లల వ్యాసాలు దిద్దినట్టు. సూడు, పేజీ పేజీకి "ఆధారమేది?", "అబద్ధం", "ఇది సగమే నిజం". నిజం సెప్పొద్దూ, సానా సోట్ల మా నాన్నదే రైటు. నాను ఊఁ ఊఁ అనుకుంటూ మురిసిపోయి దాటీసిన సోటల్లా ఆయన ఆగి అడిగాడు. నాకు సిగ్గేసింది.

ఇదిగో, ఈ పేజీ. ఒకడి బరువు ఇంకొకడు జీవితమంతా మొయ్యడం గురించి రాసాడిక్కడ. పక్కన మా నాన్న తప్పనీ రాయలేదు, ఒప్పనీ రాయలేదు. "మా అయ్య." అంతే. మా అమ్మనడిగితే అప్పుడు సెప్పింది. మా తాత హుమ్మ ఊరి ఉప్పుమడుల్లో ఉప్పు తట్టలు మోసీవాడట. ఆ ముక్క మా నాన్న నోటంట ఏనాడూ రాలేదే. తిట్టుకుంటూ సదివిన పుస్తకంలో వాళ్ళయ్య కనిపించాడు ఆయనకి.

పుస్తకం నా సేతికిచ్చి, మొహం అటు తిప్పుకుని, "వీడితో నాకింకా తగువుంది. నువ్వెల్లు, కాలేజీ బస్సు పోద్ది" అన్నాడు.

తీసుకెల్లి సదువు. సదివాక తిట్టు, నాను వద్దన్ను. పెన్సిలు మాత్తరం దగ్గరెట్టుకో. అది అరుగుతూనే ఉండాలి తల్లీ, నూరేళ్ళూ... ఒలే, అట్ట, అట్ట జాగర్త!